చేతి అంచు దెబ్బ: ఐరోపా గూఢచారి సినిమాల్లోకి కరాటే ఎలా వచ్చింది

రాత్రివేళ. ఎత్తయిన ప్రహరీ పక్కన తుపాకీ పట్టుకుని ఒక కాపలావాడు పచార్లు చేస్తుంటాడు. చీకట్లోంచి కోటు తొడుక్కున్న మనిషి అడుగుల చప్పుడు కానీయకుండా వెనక నుంచి వస్తాడు. వేళ్లన్నీ బిగించి, అరచేతి అంచుతో మెడ మీద ఒక్క దెబ్బ వేస్తాడు. కాపలావాడు కిక్కురుమనకుండా కూలిపోతాడు. కొట్టినవాడి కోటు నలగదు, దువ్విన తల చెదరదు.

1960లలో ఇటలీ, ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ తీసిన గూఢచారి సినిమాలు రెండు మూడు చూసినవారికి ఈ దెబ్బ కొట్టిన పిండే. పాత సినిమాలు ఇంటర్నెట్‌లోకి వచ్చాక వీటిని కొత్తగా చూస్తున్నవారు ఎక్కువయ్యారు, వారితోపాటు సందేహాలూ పెరిగాయి. ఇది ఇటలీ సినిమానా, జర్మనీ సినిమానా? ఒకే సినిమాకు మూడు పేర్లు ఎందుకున్నాయి? ఇదంతా జేమ్స్ బాండ్‌కు నకలేనా? వాళ్లు చేస్తున్నది జూడోనా, కరాటేనా, రెండూ కాని మరొకటా? నా లెక్కలో ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా విలువైనది. దాని జవాబు వెతుక్కుంటూ వెళితే సినిమా స్టూడియోల్లోంచి షాంఘై పోలీసు ఠాణా దాకా, ప్యారిస్ జూడో క్లబ్బుల దాకా వెళ్లాల్సి వస్తుంది.

యూరోస్పై అంటే

ఈ సినిమాలను ఇప్పుడు 'యూరోస్పై' అంటున్నారు. తీసినప్పుడు ఈ పేరు లేదు. తరవాతి అభిమానులు, విమర్శకులు పెట్టుకున్న పేరిది. 2004లో ఇదే పేరుతో ఒక మార్గదర్శి పుస్తకం రావడంతో మరింత స్థిరపడింది. స్థూలంగా చెప్పాలంటే, 1960ల నడుమ పశ్చిమ ఐరోపా దేశాలు తక్కువ ఖర్చుతో, చాలాసార్లు రెండు మూడు దేశాలు కలిసి తీసిన గూఢచారి సాహస చిత్రాలివి. నాయకుడు ఎక్కువగా అమెరికన్ ఏజెంటు. అతనికో అంకె ఉంటుంది. దూరదేశంలో ఒక శాస్త్రవేత్త మాయమవుతాడు, లేదా ఒక మైక్రోఫిల్ము పోతుంది. వెతుక్కుంటూ వెళ్లినవాడికి రహస్య ముఠా, అందగత్తెలు, కారు వేట, చివర ఒక పేలుడు.

ఇటలీలో కెన్ క్లార్క్ ఏజెంట్ 077గా నటించాడు. బాండ్ 007లో ఒక సున్నాను ఏడు చేస్తే వచ్చిన అంకె అది. ఫ్రాన్సులో ఓఎస్ఎస్ 117 వరుస ఉంది. జర్మన్ చవక నవలల్లోంచి పుట్టిన 'కొమిసార్ ఎక్స్' వరుసలో 1966 నుంచి 1971 వరకు ఏడు సినిమాలు వచ్చాయి. ఈ వ్యాసంలో ఎక్కువగా ఆ ఏడింటి దగ్గరే ఆగుతాను. ఈ చిత్రాల తీరుతెన్నులన్నీ వాటిలో స్పష్టంగా కనిపిస్తాయి.

ఇంతకీ ఏ దేశపు సినిమా?

ఒక్క దేశపు సినిమా అని చెప్పడం చాలాసార్లు కుదరదు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత హాలీవుడ్ సినిమాలు ఐరోపా థియేటర్లను ముంచెత్తాయి. వాటిని తట్టుకోవడానికి ప్రభుత్వాలు సొంత సినిమాలకు ఆర్థిక సాయం మొదలుపెట్టాయి. ఫ్రాన్సు, ఇటలీ 1940ల చివరలోనే సహ నిర్మాణ ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం రెండు దేశాల నిర్మాతలు కలిసి తీసిన సినిమా రెండు చోట్లా స్వదేశీ చిత్రమే. రెండు చోట్లా స్వదేశీ చిత్రాలకు దక్కే సాయం, రక్షణ దానికీ దక్కుతాయి. ఇలాంటి ఒప్పందాలు జర్మనీ, స్పెయిన్, ఆస్ట్రియాలకూ విస్తరించాయి.

దీన్ని ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఒక సినిమాకు 100 రూపాయలు ఖర్చవుతుందనుకోండి. ఇటలీలో దానికి 55 రూపాయలకు మించి రాదు. ఇటలీ నిర్మాత ఒక్కడే తీస్తే స్వదేశంలో 45 నష్టం. అదే సినిమాకు ఇటలీవాడు 50, జర్మనీవాడు 30, ఆస్ట్రియావాడు 20 పెట్టారనుకోండి. ఎవరి దేశంలో వసూళ్లు వారివి. ఇటలీలో 55, జర్మనీలో 34, ఆస్ట్రియాలో 21 వచ్చినా ముగ్గురూ గట్టెక్కుతారు. ఆపైన అమెరికా టెలివిజన్ కొన్నా, ఆసియా థియేటర్లు కొన్నా వచ్చేదంతా లాభమే. ఒక్కడు మోస్తే మునిగిపోయే సినిమాను ముగ్గురు ఒడ్డుకు చేర్చారన్నమాట.

అయితే ఊరికే పేరు రాయించుకుంటే చాలదు. డబ్బు పెట్టిన ప్రతి దేశం నుంచీ నటులు, సాంకేతిక నిపుణులు ఉండాలి. అందుకే ఈ సినిమాల టైటిళ్లు ఐక్యరాజ్యసమితి హాజరుపట్టీలా కనిపిస్తాయి. ఒక్కొక్కరూ సెట్ మీద తమ భాషలో మాట్లాడేవారు, కొందరు పెదవులు కదిపేవారు. తరవాత ప్రతి భాషకూ విడిగా డబ్బింగ్ జరిగేది. మాటలే కాదు, మెడ మీద పడిన దెబ్బ చప్పుడు కూడా స్టూడియోలో కలిపినదే. కాబట్టి ఫలానా సినిమా అసలు భాష ఏది అని అడిగితే కచ్చితమైన సమాధానం దొరకదు.

ఒకే సినిమా, మూడు పేర్లు

కొమిసార్ ఎక్స్ వరుసలో మొదటి చిత్రాన్నే తీసుకోండి. 1966లో వచ్చింది. దాని జర్మన్ పేరుకు 'అజ్ఞాతుల వేట' అని అర్థం చెప్పుకోవచ్చు. ఇటలీలో అదే సినిమా 'పన్నెండుమంది బంగారు స్త్రీలు'. ఇంగ్లీషు పంపిణీదారు చేతికొచ్చేసరికి 'కిస్ కిస్, కిల్ కిల్' అయింది. జర్మనీ ప్రేక్షకుడికి కొమిసార్ ఎక్స్ నవలలు 1959 నుంచి తెలుసు కాబట్టి ఆ పేరే అక్కడ ఆకర్షణ. ఇటలీలో ఆ నవలల పేరు చెప్పి టికెట్లు అమ్మడం కష్టం. అక్కడ బాండ్ సినిమా 'గోల్డ్‌ఫింగర్' చూసి వచ్చిన జనానికి బంగారం అంటే చటుక్కున తగులుతుంది.

మనుషుల పేర్లదీ ఇదే కథ. ఆ చిత్ర దర్శకుడు జాన్‌ఫ్రాంకో పరోలీని తెర మీద ఫ్రాంక్ క్రేమర్ అయ్యాడు. నాయకుడు లూచానో స్టెల్లా టోనీ కెండాల్ అయ్యాడు. అమెరికా సినిమా అనిపిస్తే సొంత ఊళ్లోనూ టికెట్లు తెగుతాయన్న నమ్మకం ఆనాటి ఇటలీ నిర్మాతలది. కౌబాయ్ సినిమాలకూ వాళ్లు ఇదే ఎత్తు వేశారు. ఏదైనా పాత యూరోస్పై గురించి వెతికేటప్పుడు పేరును బట్టి కాకుండా సంవత్సరాన్ని, దర్శకుణ్ని బట్టి వెతకమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే. పేర్లను పట్టుకుంటే ఒక్క సినిమా మూడు సినిమాలవుతుంది.

ఆ దెబ్బ ఎక్కడిది?

ముందు రెండు మాటలు తేల్చుకుందాం. జూడోను జిగోరో కానో 1882లో టోక్యోలో నెలకొల్పాడు. పట్టు పట్టడం, తూకం తప్పించి ఎత్తి పడేయడం, నేలమీద అదిమిపట్టడం అందులో ప్రధానం. పోటీ జూడోలో దెబ్బలకు చోటే లేదు. కరాటే ఒకినావా దీవుల విద్య. గిచిన్ ఫునకోషి దాన్ని 1922లో టోక్యోలో ప్రదర్శించాక జపాన్ ప్రధాన భూభాగంలో వ్యాపించింది. చేతులతో, కాళ్లతో కొట్టడం దాని ప్రాణం. అరచేతి అంచుతో కొట్టే దెబ్బను కరాటేలో 'షుతో' అంటారు, అంటే చేతి కత్తి.

ఆనాటి పాశ్చాత్య పత్రికలు, సినిమాలు ఈ దెబ్బకు 'జూడో దెబ్బ' అని పేరు పెట్టేశాయి. పోటీ జూడోలో లేని దెబ్బకు జూడో పేరు ఎందుకు అంటుకుంది? ఆ రోజుల్లో ఐరోపావారికి బాగా తెలిసిన జపాను విద్య అదే కావడం ఒక కారణం. విలియం ఫెయిర్‌బెయిర్న్ అనే బ్రిటిష్ పోలీసు అధికారి ఇంకో కారణం.

ఫెయిర్‌బెయిర్న్ 1907లో షాంఘై పురపాలక పోలీసు దళంలో చేరాడు. అప్పట్లో షాంఘై రేవు వీధులు ముఠాలకు నెలవు. అక్కడ ప్రాణం నిలుపుకోవడానికి అతను జుజుత్సు నేర్చుకున్నాడు, టోక్యోలోని జూడో పాఠశాల కోడోకాన్‌లో నల్ల పట్టీ సంపాదించాడు. దానికి చైనా పద్ధతులు, వీధి పోట్లాటల అనుభవం కలిపి సొంత విధానం ఒకటి తయారుచేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ అతణ్ని వెనక్కి పిలిపించి, శత్రు భూభాగంలోకి పంపే కమాండోలకు, రహస్య ఏజెంట్లకు శిక్షణ ఇప్పించింది. 1942 నుంచి అమెరికా గూఢచార సంస్థ ఓఎస్ఎస్ ఏజెంట్లకూ అతనే గురువు.

అతని శిక్షణలో తొలి పాఠాల్లో ఒకటి చేతి అంచు దెబ్బ. వేళ్లు చాచి బిగించాలి, బొటనవేలు పైకి ఉండాలి, చిటికెన వేలి మొదలుకీ మణికట్టుకీ నడుమ ఉన్న కండతో మెడ పక్కనో, గొంతు మీదో కొట్టాలి. పిడికిలితో ఎముక మీద కొడితే కొట్టినవాడి వేళ్లే విరగవచ్చు, దీనికి ఆ ప్రమాదం లేదు. కొన్ని వారాల శిక్షణతోనే గుమాస్తా కూడా నేర్చుకోగలడు. అన్నిటికన్నా ముఖ్యం, తుపాకీలా మోగదు. తెర మీద మనం చూసే ఆ దెబ్బ ఆసియా సినిమాల నుంచి వచ్చినది కాదు. నిజమైన గూఢచారుల శిక్షణ శిబిరంలోంచి నేరుగా సినిమాలోకి నడిచింది. ఓఎస్ఎస్ 117 అనే పేరులో ఉన్నది ఆ సంస్థే. ఫ్రెంచి రచయిత ఝాన్ బ్రూస్ 1949లో ఆ పాత్రను సృష్టించేటప్పటికి యుద్ధం ముగిసి నాలుగేళ్లే. ఆ శిబిరాల కథలు పాఠకులకు ఇంకా పచ్చిగా గుర్తున్నాయి.

దెబ్బ అటు నుంచి వస్తే, దాని మీద మోజు ఇంకో వైపు నుంచి వచ్చింది. 1935లో మికినొసుకె కవాయిషి అనే జూడో గురువు ప్యారిస్ వచ్చాడు. తెలుపుకీ నలుపుకీ మధ్య రంగురంగుల పట్టీలు ఐరోపాలో వ్యాపించడానికి ఆయనే ప్రధాన కారకుడు. ప్రతి కొన్ని నెలలకూ ఒక రంగు మారుతుంటే శిష్యుడికి ఎంత ఊపు వస్తుందో ఆయన గ్రహించాడు. యుద్ధం తరవాత ఫ్రాన్సు పట్టణాల్లో జూడో క్లబ్బులు పుట్టగొడుగుల్లా లేచాయి. 1950లలో ఆన్రీ ప్లే అనే ఫ్రెంచి గురువు కరాటేనూ ప్యారిస్‌కు తెచ్చాడు. 1961లో ప్రపంచ జూడో పోటీలు ప్యారిస్‌లోనే జరిగాయి. అక్కడ నెదర్లాండ్స్‌కు చెందిన అంటోన్ గేసింక్ గెలిచి, జపాన్‌వాడు కాని తొలి ప్రపంచ విజేత అయ్యాడు.

మూడేళ్లకు, 1964 అక్టోబరు 23న, టోక్యో ఒలింపిక్స్‌లో అదే గేసింక్ జపాన్ ఆశాజ్యోతి అకియో కమినాగాను అదిమిపట్టి స్వర్ణం గెలిచాడు. బుడోకాన్ మందిరం నిశ్శబ్దమైపోయింది. సంబరంతో వేదిక మీదికి ఉరకబోయిన తన దేశస్థులను గేసింక్ చెయ్యెత్తి ఆపేశాడు. ఓడినవాడి ముందు, ఆ విద్య పుట్టిన నేల మీద కేకలు వద్దన్నాడు. నాకు ఈ ఘట్టం ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. తూర్పు విద్యలో ఐరోపావాడు తూర్పువాణ్ని ఓడించగలడన్న సంగతి ఆ రోజు నుంచి కల్పన కాదు, పత్రికల మొదటి పుట వార్త. యూరోస్పై నాయకుడు ఆసియా విలన్‌ను ఆసియా విద్యతోనే కూల్చడం ప్రేక్షకుడికి నమ్మదగినదిగా తోచడానికి ఇది పునాది వేసింది.

ఇటు బ్రిటిష్ టెలివిజన్‌లో 'ది అవెంజర్స్' ధారావాహిక 1962 నుంచి నటి ఆనర్ బ్లాక్‌మన్ చేత మగవాళ్లను ఎత్తి పడేయిస్తోంది. ఆమె జూడో నిజంగానే నేర్చుకుంది, 1965లో ఆత్మరక్షణ మీద ఆమె పేరుతో పుస్తకమూ వచ్చింది. ఈ గాలి ఎంతగా వీచిందంటే, 1966లో ఫ్రాన్సు ఏకంగా 'జూడోకా, గూఢచారి' అనే అర్థం వచ్చే పేరుతో ఒక సినిమా తీసింది, మరుసటి ఏడు దానికి కొనసాగింపూ తెచ్చింది. అంతవరకు ఏజెంటుకు తుపాకీ, కారు గుర్తులు. ఇక్కడ ఆ గుర్తు జూడోయే.

హెర్క్యులిస్ కోటు వేసుకుంటే

శిక్షణ శిబిరం దెబ్బనిచ్చింది, క్లబ్బులు మోజునిచ్చాయి. కొట్టే శరీరాలు ఎక్కడివి? వాటి కోసం రోము స్టూడియోలకు వెళ్లాలి.

1958లో స్టీవ్ రీవ్స్ హెర్క్యులిస్‌గా నటించిన ఇటలీ చిత్రం విజయం సాధించాక, ఆ దేశం ఆరేడేళ్లపాటు పురాణ వీరుల సినిమాలను వరసపెట్టి తీసింది. కండలు తిరిగిన అమెరికన్లు ఎందరో రోముకు వలస వచ్చారు. 1965 నాటికి ఆ గాలి తగ్గింది. స్టూడియోలు ఉన్నాయి, సాహస దృశ్యాలు చేయగల బృందాలు ఉన్నాయి, కండల వీరులు ఖాళీగా ఉన్నారు. అంతలో బాండ్ జ్వరం పట్టుకుంది. నిన్నటి హెర్క్యులిస్‌కు కోటు, టై తొడిగితే ఇవాళ్టి ఏజెంటు సిద్ధం. బ్రాడ్ హారిస్, డాన్ వాడిస్, రోజర్ బ్రౌన్, రిచర్డ్ హారిసన్ ఈ దారిలో వచ్చినవారే.

కొమిసార్ ఎక్స్ రెండో చిత్రం 'మూడు పసుపు పిల్లులు' ఈ సంగతిని దగ్గరగా చూపిస్తుంది. 1966లోనే వచ్చింది, అప్పటికి సిలోన్ అని పిలిచే శ్రీలంకలో తీశారు. దర్శకుడు ఆస్ట్రియావాడు రుడోల్ఫ్ త్సేట్‌గ్రూబర్. టోనీ కెండాల్ న్యూయార్క్ డిటెక్టివ్ జో వాకర్, అంటే కొమిసార్ ఎక్స్. బ్రాడ్ హారిస్ పోలీసు కెప్టెన్ టామ్ రోలాండ్. ఎదుట కరాటే తెలిసిన హంతకుడిగా డాన్ వాడిస్. హారిస్, వాడిస్ ఇద్దరూ పురాణ చిత్రాల కండల వీరులే. కాబట్టి వారి పోరు కరాటే భంగిమలతో మొదలైనా, ఒకరినొకరు ఎత్తి విసిరేసే మల్లయుద్ధంలోకి జారిపోతుంది. హెర్క్యులిస్ పాత అలవాటు కోటు లోపల నుంచి తొంగిచూస్తుంది.

ఒక తేడా గమనించండి. కెండాల్ నవ్వుతూ, ముద్దులు పెడుతూ తిరిగే నాయకుడు. ఒళ్లు వంచి కొట్టే పని చాలావరకు హారిస్‌ది. బాండ్ ఒక్కడే చేసే రెండు పనులను ఈ వరుస ఇద్దరికి పంచింది. హారిస్‌కు సాహస దృశ్యాల్లో మంచి అనుభవం ఉంది, అందుకే అతని పోరాటాలకు బరువుంటుంది. నా వరకు ఈ ఏడు సినిమాలనూ నిలబెట్టింది అతనే.

తెర మీద కరాటే చవక కావడమూ ఒక కారణమే. ఈ దెబ్బను చిత్రీకరించడానికి కెమెరాను దెబ్బ తినేవాడి భుజం వెనక పెడతారు. చెయ్యి మెడ పక్క నుంచి జానెడు దూరంలో వెళ్లిపోయినా, ఆ కోణంలో ఖాళీ కనబడదు. పడేవాడు సరిగ్గా ఆ క్షణంలో తల వాలిస్తే చాలు, మిగతాది శబ్దం చూసుకుంటుంది. కత్తియుద్ధమైతే వారాల సాధన కావాలి, కారు వేటకు కార్లు కావాలి. దీనికి ఒక గోడ, ఒక కాపలావాడు చాలు. దూరదేశంలో కొన్ని వారాల్లో చిత్రీకరణ ముగించాల్సిన బృందానికి ఇంతకన్నా ఏం కావాలి?

బాండ్‌కు నకలా?

నకలే అనేవారి దగ్గర గట్టి ఆధారాలున్నాయి. మొదటి బాండ్ సినిమా 1962లో వచ్చింది. 1964లో 'గోల్డ్‌ఫింగర్' విరగబడి ఆడిన వెంటనే, 1965 నుంచి 1967 వరకు ఈ సినిమాలు వరదలా వచ్చాయి. 077 అనే అంకెకు వేరే వివరణ అక్కర్లేదు. 1967లో ఇటలీవారు షాన్ కానరీ సొంత తమ్ముడు నీల్ కానరీని నాయకుణ్ని చేసి ఒక సినిమా తీశారు. అందులో బాండ్ సినిమాల బెర్నార్డ్ లీ, లోయిస్ మాక్స్‌వెల్ కూడా నటించారు. ఇంతకన్నా బాహాటంగా అనుకరించడం ఎవరివల్లా కాదు.

కాదు, ఇది ఐరోపా సొంత పంట అనేవారి మాటలోనూ నిజముంది. ఓఎస్ఎస్ 117 నవల 1949లో వస్తే, ఇయాన్ ఫ్లెమింగ్ మొదటి బాండ్ నవల వచ్చింది 1953లో. ఓఎస్ఎస్ 117 వెండితెర మీదికి 1957లోనే వచ్చింది, బాండ్ కన్నా అయిదేళ్లు ముందు. ఎడ్డీ కాన్‌స్టాంటీన్ పిడికిళ్లతో కొట్టుకుంటూ తిరిగే లెమ్మీ కాషన్ సినిమాలు ఫ్రాన్సులో 1953 నుంచే ఉన్నాయి. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తెర మీద తీర్చిన డాక్టర్ మబుజె, అంటే తెర వెనక నుంచి లోకాన్ని ఆడించే దుష్టమేధావి, 1922 నాటివాడు. అంతెందుకు, ఫ్రెంచి ఏజెంటు 117 జపాన్‌లో సాహసాలు చేసిన చిత్రం 1966లో వచ్చింది. బాండ్ జపాన్ వెళ్లి నింజాలను కలుసుకున్నది ఆ మరుసటి ఏడు, 1967లో. పైగా ఆ ఫ్రెంచి చిత్రం రచనలో తొలి బాండ్ చిత్రాల దర్శకుడు టెరెన్స్ యంగ్ చెయ్యి ఉంది. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో గీత గీసి చూపడం అనుకున్నంత తేలిక కాదు.

ఈ వాదంలో నాకు తోచేది ఇది. వేషం, అంకె, సంగీతం, అందగత్తెల వరస, ఇవి బాండ్ దగ్గర తెచ్చుకున్నవే. పెట్టుబడి పద్ధతి, కండల వీరులు, చవక నవలల కథలు వాళ్ల ఇంటివే. చేతి అంచు దెబ్బ మాత్రం ఇద్దరిదీ కాదు. బాండూ, వీళ్లూ ఒకే యుద్ధకాలపు బావిలోంచి తోడుకున్నారు.

తూర్పును ఎవరి కళ్లతో చూశారు

ఈ సినిమాలను ఇష్టపడేవారు కూడా తప్పించుకోలేని ప్రశ్న ఒకటి ఉంది. బ్యాంకాక్, సింగపూర్, సిలోన్, ఇస్తాంబుల్, ఏ ఊరైనా సరే, అక్కడ ముప్పు పుడుతుంది, ఐరోపా ముఖం దాన్ని తుడిచిపెడుతుంది. స్థానికులు టాక్సీ నడుపుతారు, నాట్యమాడతారు, ముఠాలో చేరి దెబ్బలు తింటారు. ఆసియా విద్యలో ఉద్దండుడు అనదగినవాడు కూడా చాలాసార్లు అమెరికన్ నటుడే. 'పసుపు పిల్లులు' అనే పేరులోని రంగు కూడా అమాయకంగా ఎంచుకున్నది కాదనే విమర్శ ఉంది. పసుపు రంగును తూర్పు ఆసియా మనుషులకు అంటగట్టే పాత జాత్యహంకారపు అలవాటు ఐరోపాలో బలంగా ఉన్నదే. అయితే కొమిసార్ ఎక్స్ వరుసలో ఆకుపచ్చ కుక్కలు, నీలి చిరుతలు, బంగారు పాములు కూడా ఉన్నాయి, రంగు జంతువు జోడించడం వారి పేర్ల సూత్రం అని మరికొందరు గుర్తుచేస్తారు. రెండు మాటలూ ఏకకాలంలో నిజం కావచ్చు.

ఈ తీరును కాస్త మార్చింది ఆ వరుసలో చివరి సినిమా. 1971లో వచ్చిన ఏడో సినిమాను పాకిస్తాన్‌లో తీశారు. అక్కడి అగ్రతారలు మహమ్మద్ అలీ, జేబా అందులో నటించారు. అక్కడి ప్రేక్షకుడు తన తారను చూడటానికే టికెట్టు కొన్నాడు, కెండాల్ అతనికి అతిథి.

116 అనే అంకె

మనవారికి ఈ కథ పరాయిది కాదు. కొమిసార్ ఎక్స్ మొదలైన 1966లోనే, కృష్ణ, జయలలిత నటించిన 'గూఢచారి 116' వచ్చింది. నిర్మాత డూండీ, దర్శకుడు ఎం. మల్లికార్జునరావు. 117కు ఒక్కటి తక్కువ అంకెను చూస్తే ఫ్రెంచి ఏజెంటు చప్పున గుర్తొస్తాడు. మరుసటి ఏడు ఇది హిందీలో జితేంద్రతో 'ఫర్జ్'గా వచ్చింది, దర్శకుడు రవికాంత్ నగాయిచ్. అంతకుముందు ఆయన 'సీతారామ కల్యాణం' వంటి పౌరాణికాల్లో కెమెరా మాయలు చేసిన ఛాయాగ్రాహకుడు. రోములో హెర్క్యులిస్ కోటు తొడుక్కుంటున్న రోజుల్లోనే, మద్రాసులో పురాణాల మాయ నేర్చిన చెయ్యి గూఢచారి వైపు తిరిగింది. పనివాళ్లు ఇలా దారి మారడం ఒకరిని చూసి ఒకరు చేసింది కాదు. ప్రేక్షకుడి రుచి మారినప్పుడు పాత పనివాళ్లు తమ పనిముట్లతోనే కొత్త పనిలో దిగుతారు, అక్కడైనా ఇక్కడైనా.

హాంకాంగ్ వచ్చాక

యూరోస్పైకి 1968 నాటికే ఊపిరి తగ్గింది. ఇటలీ స్టూడియోలు కౌబాయ్ సినిమాలకు మళ్లాయి. పరోలీని కూడా అటే వెళ్లాడు. తరవాత 1973లో బ్రూస్ లీ పేరు ఐరోపా థియేటర్లలో మారుమోగింది. మెడ మీద ఒక్క దెబ్బకు కూలే కాపలావాడు ఆ దెబ్బతో కాలం చెల్లినవాడయ్యాడు. హాంకాంగ్ పోరులో ఒక దెబ్బకు ఇంకో దెబ్బ జవాబు, దానికి మరొకటి, శరీరం తల నుంచి కాలి దాకా తెర మీద కనిపించాలి. భుజం వెనక దాచిన కెమెరాతో అది కుదరదు. ఇటలీ నిర్మాతలు హాంకాంగ్ సినిమా సంస్థ షా బ్రదర్స్‌తో కలిసి సినిమాలు తీయడం మొదలుపెట్టారు. 1965లో గూఢచారిగా వేసిన రిచర్డ్ హారిసన్ 1970లలో హాంకాంగ్‌లో నటించాడు, 1980లలో నింజాగా ముసుగు తొడుక్కున్నాడు.

2006లో ఝాన్ దుజార్దాన్ ఓఎస్ఎస్ 117ను కైరో పంపిన హాస్యచిత్రం వచ్చినప్పుడు, దర్శకుడు మిషెల్ హజనావీసియుస్ 1960ల దీపాలనూ, రంగులనూ, కొట్లాట తీరునూ పట్టుబట్టి తిరిగి తెచ్చాడు.

దానికి అయిదేళ్ల ముందు ఫ్రాన్సులోనే ఇంకో దారి తెరుచుకుంది. ల్యూక్ బెసాన్ నిర్మించిన 'కిస్ ఆఫ్ ద డ్రాగన్' 2001లో వచ్చింది. చైనా గూఢచార అధికారిగా జెట్ లీ ప్యారిస్ వస్తాడు, పోరాటాలు హాంకాంగ్‌కు చెందిన కోరీ యుయెన్ కూర్చాడు. ఇప్పుడు దూరదేశం ప్యారిస్, దారి తప్పిన పోలీసు అధికారి ఫ్రెంచివాడు. ఒక ఘట్టంలో జెట్ లీ పోలీసు భవనంలో పరుగెత్తుతూ ఒక తలుపు తోసుకుని లోపలికి వెళతాడు. అది సాధన గది. తెల్లటి దుస్తుల్లో, నల్ల పట్టీలు కట్టుకున్న ఫ్రెంచి పోలీసులు ఒక్కసారిగా తలలు తిప్పి చూస్తారు. ఆయన ఒక్క క్షణం ఆగుతాడు, చుట్టూ చూస్తాడు, రెండు కర్రలు అందుకుంటాడు.